ఒక్క యూనిట్‌తో మొదలుపెట్టండి: డిగ్రీ పాఠం క్లాసులో అందరికీ అందాలంటే ఏం చేయాలి?

మెట్రో స్టేషన్లో లిఫ్ట్ పెట్టింది మెట్లెక్కలేనివాళ్ల కోసం. ఇప్పుడు దాని ముందు క్యూలో ఎవరుంటున్నారో చూడండి. సూట్‌కేసులతో ఊరి నుంచి దిగినవాళ్లు, చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లు, ఏ కారణమూ లేని కుర్రాళ్లు కూడా. కట్టేటప్పుడే ఆలోచించి పెట్టారు కాబట్టి ఎవరూ ఎవర్నీ బతిమాలుకోనక్కర్లేదు, సర్టిఫికెట్ చూపించనక్కర్లేదు. దీన్నే యూనివర్సల్ డిజైన్ అంటున్నారు.

ఈ ఆలోచనకు ఊపు తెచ్చింది అమెరికన్ ఆర్కిటెక్ట్ రోనాల్డ్ మేస్. తొమ్మిదేళ్లప్పుడు పోలియో వచ్చి చక్రాల కుర్చీ వాడిన మనిషి. 1997లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో ఆయనా, మరికొందరు నిపుణులూ కలిసి దీనికి ఏడు సూత్రాలు రాశారు. భవనాల నుంచి ఈ ఆలోచనను చదువులోకి తెచ్చినవాళ్లలో ముఖ్యమైనది 1984లో మసాచుసెట్స్‌లో మొదలైన కాస్ట్ అనే సంస్థ. దాని మార్గదర్శకాలు చదివితే బోలెడు పెట్టెలూ రంగులూ కనిపిస్తాయి. 2024లో 3.0 వెర్షన్ కూడా వచ్చింది. పెట్టెలన్నీ పక్కన పెడితే మిగిలేవి మూడు ప్రశ్నలు. ఈ పాఠం మీద పిల్లలకు ఆసక్తి ఎలా పుడుతుంది? విషయం వాళ్లకు ఎన్ని దారుల్లో చేరుతోంది? నేర్చుకున్నది వాళ్లు ఎన్ని రకాలుగా చూపించగలరు?

మన దగ్గర చట్టం కూడా ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్లకు ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు ఉంచాలంది. యూజీసీ 2022లో కాలేజీలకు ప్రత్యేకంగా యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే కాలేజీలో ఈ ఏర్పాట్లన్నీ సాధారణంగా వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ చేతికొచ్చాకే కదులుతాయి. క్లాసులో కూర్చున్న అరవై మందిలో సర్టిఫికెట్ ఉన్నది ఒకరికో ఇద్దరికో. బోర్డు సరిగ్గా కనిపించకపోయినా కళ్లజోడు పెట్టుకోవడం నామోషీ అనుకునే అమ్మాయి, అక్షరాలు చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా ఉండి కూడా ఆ మాటే విననివాడు, ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి ఒక్కసారిగా ఇంగ్లిష్ టెక్స్ట్‌బుక్ ముందు పడ్డవాడు, రాత్రి డెలివరీ పని చేసి పొద్దున ఫస్ట్ పీరియడ్‌లో తూగేవాడు, వీళ్లెవరూ ప్రిన్సిపాల్ రూముకి వెళ్లి అర్జీ పెట్టరు. సెమిస్టర్ చివర బ్యాక్‌లాగ్ లిస్టులో కనిపిస్తారు, అంతే. కాబట్టి ఎవరో వచ్చి అడిగేదాకా ఆగకుండా పాఠాన్ని ముందే సరిచేసి పెట్టుకోవాలి. అది ఎలాగో ఒక డిగ్రీ ఎకనామిక్స్ లెక్చరర్ వైపు నుంచి చెబుతాను. మీ సబ్జెక్ట్‌కు తగ్గట్టు మార్చుకోండి.

మొదటి అడుగు: ఒక పేపర్, అందులో ఒక యూనిట్

సిలబస్ మొత్తం ఒకేసారి మార్చేద్దామని కూర్చుంటే రెండో వారానికే వదిలేస్తారు. పిల్లలు ఎక్కువగా తప్పే పేపర్ ఒకటి తీసుకోండి. అందులో ఎక్కువమంది ఛాయిస్‌లో వదిలేసే యూనిట్ ఏదో చూసుకోండి. పాత మిడ్ పేపర్లు తిరగేస్తే పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

తర్వాత ఒక కాగితం మీద, ఈ యూనిట్ అయ్యాక విద్యార్థి ఏం చేయగలగాలి అన్నది మూడు నాలుగు వాక్యాల్లో రాయండి. "డిమాండ్ సూత్రం తెలుసుకోవాలి" లాంటివి పనికిరావు. "ధర మారితే కొనే పరిమాణం ఎటు మారుతుందో, ఎందుకు మారుతుందో ఒక ఉదాహరణతో చెప్పగలగాలి" అని రాయండి. మున్ముందు అన్ని నిర్ణయాలకూ ఈ వాక్యమే ఆధారం. అందులో "చెప్పగలగాలి" అని ఉంది, "గ్రాఫ్ కాగితం మీద పెన్సిల్‌తో గీయాలి" అని లేదు. అలాంటప్పుడు చూపు లేని విద్యార్థి గీత గీయలేదని మార్కులు కోయడంలో అర్థం లేదు. గీయడమే నేర్పుతున్న పాఠమైతే అది వేరే సంగతి. నేర్పుతున్నదేమిటి, దాని చుట్టూ అలవాటుగా పేరుకుపోయినదేమిటి అని విడదీయడం ఈ పని మొత్తంలో కష్టమైన భాగం. ఇక్కడ తొందరపడకండి.

రెండో అడుగు: ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారో కనుక్కోవడం

మొదటి వారంలో ఒక చీటీ ఇవ్వండి. పేరు రాయడం వాళ్ల ఇష్టానికి వదిలేయండి. ప్రశ్నలు తెలుగులోనే ఉండాలి, ఐదారుకు మించకూడదు.

ఇంటర్ ఏ మీడియంలో చదివారు? ఏ బెంచీలో కూర్చుంటే బోర్డు స్పష్టంగా కనిపిస్తుంది, మాట స్పష్టంగా వినిపిస్తుంది? ఫోన్ మీదేనా, ఇంట్లో అందరిదీనా? బస్సు వల్లో పని వల్లో ఏ పీరియడ్ తరచూ పోతుంది? ఇదివరకు ఏ టీచర్ ఎలా చెబితే బాగా అర్థమైంది? నాకు విడిగా చెప్పాల్సింది ఏమైనా ఉందా?

"మీలో ఎవరికైనా ఏదైనా లోపం ఉందా?" అని క్లాసులో నిలబడి అడగడం మాత్రం వద్దు. అడిగినవాళ్లకు అది మంచి ఉద్దేశమే కావచ్చు, లేచి నిలబడాల్సినవాడికి కాదు. చీటీల్లో ఎక్కువమంది ఏం రాస్తారో నేను చెప్పగలను: "నోట్సు మెల్లగా చెప్పండి సార్." డిక్టేషన్ వేగం చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ వినికిడి తక్కువున్నవాడు, చేయి వణికేవాడు, ఇంగ్లిష్ స్పెల్లింగ్ దగ్గర ఆగిపోయేవాడు, ముగ్గురూ వెనకబడేది అక్కడే.

మూడో అడుగు: నోట్సును ముందు మీరే పరీక్షించండి

ఎక్కువ ఫలితం ఇచ్చేదీ, మనం ఎక్కువగా పట్టించుకోనిదీ ఈ అడుగే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

చూపు లేని విద్యార్థులు ఫోన్‌లో టాక్‌బ్యాక్, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్లు వాడతారు. ఎన్‌వీడీఏ ఉచితం, తెలుగూ చదువుతుంది. స్క్రీన్ మీది అక్షరాలను అది గొంతుగా మారుస్తుంది. దానికి అక్షరాలు అక్షరాలుగానే అందాలి. మన నోట్సులో రెండు చోట్ల ఇది దెబ్బతింటుంది.

మొదటిది వాట్సాప్ గ్రూపులో పెట్టే ఫొటోలు, జెరాక్స్ స్కానులు. అది బొమ్మ. స్క్రీన్ రీడర్ దాన్ని నేరుగా అక్షరాలుగా చదవలేదు.

రెండోది ఇంకా మాయదారిది. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన తెలుగు పీడీఎఫ్. కంటికి చక్కటి తెలుగు. లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ తొడిగిన తెలుగు ముసుగులు. డీటీపీ సెంటర్లలో టైపు చేయించిన పాత మెటీరియల్ చాలావరకు ఇలాంటిదే. పరీక్ష తేలిక: పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగు వాక్యం వస్తే అది యూనికోడ్, అంటే అసలైన తెలుగు అక్షరాలే, బాగున్నట్టే. డాలర్ గుర్తులూ బ్రాకెట్లూ కలిసిన గజిబిజి వస్తే స్క్రీన్ రీడర్ కూడా ఆ గజిబిజినే చదువుతుంది. అసలు వాక్యం సెలెక్టే కాకపోతే అది బొమ్మ.

బొమ్మగా ఉన్న పేజీని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలుగా మారుతుంది. తెలుగు కూడా వస్తుంది. ఒత్తులు, అంకెలు తప్పుతాయి కాబట్టి ఒకసారి చదివి దిద్దక తప్పదు. అను ఫాంట్ ఫైలుకు కన్వర్టర్లు ఉన్నాయి. లేదంటే ఆ పేజీని ప్రింట్ తీసి, ఫొటో కొట్టి, ఇదే దారిలో పంపండి. మొత్తం పుస్తకం కాదు, మీరు ఎంచుకున్న యూనిట్ చాలు. కాపీరైట్ చట్టం అడ్డొస్తుందేమో అని కొందరి టెన్షన్. చదవలేని స్థితిలో ఉన్న విద్యార్థి కోసం పుస్తకాన్ని అతనికి అందే రూపంలోకి మార్చుకోవడానికి 2012 సవరణతో మన చట్టమే వీలిచ్చింది. లాభం కోసం అమ్ముకోకూడదు, అంతే.

కొత్తగా టైపు చేసేటప్పుడు నాలుగు అలవాట్లు చేసుకుంటే చాలు. శీర్షికల్ని అక్షరాలు లావు చేసి వదిలేయకుండా వర్డ్‌లో హెడింగ్ స్టైల్‌గా పెట్టండి. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు ఒక హెడింగ్ నుంచి ఇంకో హెడింగ్‌కు గెంతుతూ చదువుతారు. సమీకరణాలను బొమ్మగా అతికించకుండా ఈక్వేషన్ టూల్‌లో రాయండి. ప్రతి పటం కింద అది ఏం చూపిస్తోందో రెండు వాక్యాలు రాయండి. అక్షరానికీ వెనక రంగుకూ తేడా బాగా ఉండాలి. అంతర్జాతీయ ప్రమాణం మామూలు అక్షరాలకు కనీసం 4.5:1 అంటుంది. లెక్క తలనొప్పి అనుకుంటే తెల్ల నేపథ్యం మీద నల్ల అక్షరం వాడండి. పసుపు మీద తెలుపు, నీలం మీద ఎరుపు లాంటి ఉగాది ముగ్గులు స్లైడ్ల మీద వేయకండి.

ఫైలు సిద్ధమయ్యాక మీ ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి "సెలెక్ట్ టు స్పీక్" ఆన్ చేసి, మీ నోట్సును మీరే వినండి. ఎక్కడ అర్థం కాకుండా పోయిందో చెవికి తెలిసిపోతుంది. ఈ ఆడియో వల్ల బాగుపడేది చూపు లేనివాళ్లొక్కరే కాదు. గంటన్నర బస్సులో వచ్చే పిల్లలు ఇయర్‌ఫోన్లో వింటారు.

అందే రూపంలో పుస్తకం చేతికొస్తే ఏమవుతుందో మన తెలుగువాళ్లకు ఒక ఉదాహరణ కళ్లముందే ఉంది. మచిలీపట్నం దగ్గరి సీతారామపురానికి చెందిన బొల్లా శ్రీకాంత్‌కు చూపు లేదని పదో తరగతి తర్వాత సైన్స్ గ్రూప్ ఇవ్వనన్నారు. కోర్టుకెళ్లి సాధించుకున్నారు. పుస్తకాలు ఆడియోగా అందాక 98 శాతం తెచ్చుకుని, అమెరికాలో ఎంఐటీకి వెళ్లారు. అలాంటి పట్టుదల అందరికీ ఉండాలని కోరుకోవడం కన్నా ఆ ఆడియో ముందే సిద్ధంగా ఉంచడం మన చేతిలో పని.

నాలుగో అడుగు: బోర్డు దగ్గర మాట

మనం బోర్డు వైపు తిరిగి మాట్లాడతాం. "ఇది ఇలా తగ్గుతుంది, ఇక్కడి నుంచి ఇక్కడికి" అంటాం. "ఇది", "ఇలా", "ఇక్కడ" అన్న మూడు మాటలు బోర్డు కనిపించనివాళ్లకు సున్నా. బోర్డు వైపు తిరిగిన మాట పెదవులు చూసి అర్థం చేసుకునేవాళ్లకు సున్నా.

అదే పాఠం ఇలా చెప్పి చూడండి. క్లాసు వైపు తిరిగి: "అడ్డం గీత మీద కొనే టమాటాలు, కిలోల్లో. నిలువు గీత మీద ధర, రూపాయల్లో. కిలో 80 ఉన్నప్పుడు మా ఇంట్లో అర కిలో కొంటాం. 40కి దిగితే కిలో. 20కి దిగితే రెండు కిలోలు. ఈ మూడు చుక్కలూ కలిపితే ఎడమ పక్క పైన మొదలై, కుడి పక్క కిందికి వంపు తిరుగుతూ దిగే గీత వస్తుంది." ఇప్పుడు బోర్డు వైపు తిరిగి గీయండి. గీస్తున్నంతసేపూ ఏమీ మాట్లాడకండి. మళ్లీ క్లాసు వైపు తిరగండి. కళ్లున్నవాళ్లకూ ఇదే బాగా ఎక్కుతుంది. ముందు మూడు అంకెలు విన్నారు, తర్వాత గీత చూశారు. చురుకైనవాడు ఎవరైనా ధరను పరిమాణంతో గుణించి "మూడు చోట్లా 40 రూపాయలే అవుతోంది కదా సార్" అంటే, వ్యాకోచత్వం (ఎలాస్టిసిటీ) పాఠానికి తలుపు వాడే తెరిచినట్టు.

అదే గీతను ఒక అట్టముక్క మీద ఫెవికాల్‌తో దారం అతికించి ఉంచుకోండి. ఆరితే వేలితో తడిమి చూడొచ్చు. ఖర్చు పది రూపాయలు కూడా కాదు.

వినికిడి తక్కువ ఉన్న విద్యార్థి ఉంటే గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ యాప్ తెలుగు మాటను అక్కడికక్కడే అక్షరాల్లో చూపిస్తుంది. ఫోన్ మీ దగ్గరగా ఉండాలి. మూడో బెంచీలో పెడితే ఫ్యాను శబ్దం తప్ప ఏమీ వినబడదు. ఇంగ్లిష్, తెలుగు కలిపి మాట్లాడితే తప్పులు వస్తాయి, కాబట్టి ముఖ్యమైన పదాలు బోర్డు మీద రాసి ఉంచండి. సైగ భాష వాడే విద్యార్థి ఉంటే యాప్‌తో సరిపెట్టకండి. భారతీయ సైగ భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021లో పదివేల పదాల డిక్షనరీ తెచ్చింది. అది మనకు ఉపయోగపడుతుంది గానీ ఇంటర్‌ప్రెటర్ చేసే పని చేయదు. ఇంటర్‌ప్రెటర్ కోసం ప్రిన్సిపాల్ ద్వారా రాతపూర్వకంగా అడగాల్సిందే. పాఠం ఎంత బాగా తయారుచేసుకున్నా కొందరికి విడిగా కావలసినవి ఉంటాయి. అవి అడగడం తగ్గించుకోకండి.

వెనక బెంచీ నుంచి ఎవరైనా ప్రశ్న అడిగితే, జవాబు చెప్పే ముందు ఆ ప్రశ్నను మీరోసారి పైకి అనండి. సగం క్లాసుకు ప్రశ్న వినబడదు. జవాబు మాత్రం విని, ఏం అర్థం కాక రాసుకుంటారు.

ఐదో అడుగు: భాష

ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ ఇంగ్లిష్ మీడియంలోకి మారింది. తెలంగాణలోనూ చాలామంది ఇంగ్లిష్ వైపే వెళుతున్నారు. క్లాసులో మనం తెలుగులో వివరిస్తాం, పరీక్ష ఇంగ్లిష్‌లో. అర్థమైనది రాయలేక పోగొట్టుకునే మార్కులు మన క్లాసుల్లో చాలా ఎక్కువ. విదేశీ పుస్తకాల్లో యూనివర్సల్ డిజైన్ గురించి చదివితే ఈ సమస్య ఒక మూలన ఉంటుంది. నా లెక్కలో మన దగ్గర ఇదే మొదటిది.

యూనిట్‌కు పదిహేను, ఇరవై పదాల పట్టిక తయారుచేయండి. మూడు వరుసలు: ఇంగ్లిష్ పదం తెలుగు లిపిలో, ఇంగ్లిష్ స్పెల్లింగ్, తెలుగులో ఒక మామూలు వాక్యం. "ఎలాస్టిసిటీ" ఎదురుగా "వ్యాకోచత్వం" అని మాత్రమే రాస్తే ఒక బరువు తీసి ఇంకో బరువు పెట్టినట్టే. "ధర కొంచెం మారితే కొనుగోలు ఎంత మారుతుంది అన్న కొలత" అని రాయండి. మొదటిరోజే ఇచ్చేయండి. యూనిట్ అయ్యాక ఇస్తే ఎవరూ చూడరు.

పరీక్ష జవాబుకు వాక్యాల చట్రం కూడా ఇవ్వండి. నిర్వచనం ఎలా మొదలుపెట్టాలి, కారణం ఎలా చెప్పాలి, ఉదాహరణకు ఎలా మళ్లాలి, ఒక్కోదానికి ఒక్కో ఇంగ్లిష్ వాక్యం మొదలు. ఇది గైడు బట్టీ కాదు. విషయం వాళ్లదే, దారి మాత్రం మనం చూపిస్తున్నాం. కోర్సు ఇంగ్లిష్ మీడియం అయినా పరీక్ష స్థానిక భాషలో రాయనివ్వమని యూజీసీ 2023 ఏప్రిల్‌లో యూనివర్సిటీలను కోరింది. మీ యూనివర్సిటీ ఏం నిర్ణయించిందో ఎగ్జామినేషన్ బ్రాంచిలో కనుక్కుని పిల్లలకు చెప్పండి. ఆ వీలుందని తెలియకే వదిలేసుకునేవాళ్లుంటారు.

ఆరో అడుగు: హాజరు, రాని రోజు

75 శాతం హాజరు నిబంధన మనం మార్చలేం. రాని రోజు పాఠం అందేలా మాత్రం చేయగలం. 21 వైకల్యాల జాబితాలో సికిల్ సెల్, తలసీమియా, హీమోఫీలియా అనే రక్త వ్యాధులు ఉన్నాయని చాలామంది లెక్చరర్లకు తెలియదు. పాడేరు, ఉట్నూరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చే పిల్లల్లో సికిల్ సెల్ ఉన్నవాళ్లుంటారు. నొప్పి వచ్చిన వారం మంచం దిగలేరు, మరుసటి వారం మామూలుగా నడుస్తూ క్లాసుకు వస్తారు. చూసినవాళ్లు ఎగ్గొట్టాడనుకుంటారు.

ప్రతి క్లాసు అయ్యాక వాట్సాప్ గ్రూపులో మూడు లైన్లు టైపు చేయండి: ఇవాళ ఏం చెప్పాం, నోట్సులో ఏ పేజీలు, రేపటికి ఏం చదవాలి. రెండు నిమిషాల వాయిస్ నోట్ పెడితే ఇంకా మంచిది. వీడియోలు తీసి డేటా ఖర్చు పెట్టించకండి. హాస్పిటల్ మంచం మీద ఉన్నవాడికీ, కేటరింగ్ పనికి వెళ్లినవాడికీ ఇదే పనికొస్తుంది. ఎవరు ఎందుకు రాలేదో మనం ఆరా తీయనక్కర్లేదు.

ఏడో అడుగు: ల్యాబ్

సైన్స్ వాళ్ల కోసం క్లుప్తంగా. టైట్రేషన్‌లో మిథైల్ ఆరెంజ్ రంగు మారే క్షణం ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కుర్రాడికి కనిపించకపోవచ్చు. తనకు ఆ లోపం ఉందని వాడికే తెలియకపోవచ్చు కూడా. ప్రతిసారీ రీడింగ్ తప్పుతుంటే తిట్టే ముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి. పీహెచ్ మీటర్‌తో చేసే దారి ఒకటి ల్యాబ్ మాన్యువల్‌లోనే అందరికీ ఇవ్వండి. చూపు లేని విద్యార్థి, పక్కవాడు బ్యూరెట్ రీడింగ్ చదివి చెబుతుంటే, ఎప్పుడు ఆపాలో, ఎంత పోయాలో తనే చెప్పి ప్రయోగం నడిపించగలడు. లెక్క తనే కడతాడు. ఒక మూలన స్టూలు వేసి సరిపెట్టకండి, చక్రాల కుర్చీ మోకాళ్లతో సహా కిందికి దూరే టేబుల్ ఒక్కటైనా ఉంచండి. నిలబడి మూడు గంటలు పనిచేయలేని గర్భిణికీ అదే కావాలి. పీజీ క్లాసుల్లో గర్భిణులు ఉండడం కొత్తేమీ కాదు.

గది సంగతి కూడా ఇక్కడే. మీ సెక్షన్ రెండో అంతస్తులో ఉండి లిఫ్ట్ లేకపోతే టైమ్‌టేబుల్ వేసే కోఆర్డినేటర్‌తో మాట్లాడి ఆ సెక్షన్ మొత్తాన్ని కిందికి దించండి. ఆ ఒక్క విద్యార్థిని కింద లైబ్రరీలో కూర్చోబెట్టి "నోట్సు తెచ్చిస్తాం" అనడం పరిష్కారం కాదు.

ఎనిమిదో అడుగు: ఇంటర్నల్స్

సెమిస్టర్ పరీక్ష యూనివర్సిటీది. మిడ్, అసైన్‌మెంట్, సెమినార్ మార్కులు మనవి. మార్పు ఇక్కడ మొదలుపెట్టండి.

అసైన్‌మెంట్ మూడు రూపాల్లో ఏదైనా సరే అనండి: రెండు పేజీల రాత, నాలుగు నిమిషాల వాయిస్ నోట్, లేదా ఒక చార్ట్, దాన్ని వివరించే అర పేజీ. మూడింటికీ మార్కుల కొలబద్ద ఒక్కటే. సూత్రం సరిగ్గా చెప్పారా, కారణం చెప్పారా, సొంత ఉదాహరణ ఇచ్చారా, మినహాయింపు ఒకటైనా చెప్పారా. ఆ కొలబద్దను అసైన్‌మెంట్‌తో పాటే ఇచ్చేయండి. చేతిరాతకు మార్కులు పెట్టకండి. "వాయిస్ నోట్ తేలిక కదా, అందరూ అదే తీసుకుంటారు" అని స్టాఫ్‌రూములో ఒకరు తప్పకుండా అంటారు. సొంత ఉదాహరణ చెప్పడం నోటితోనూ తేలిక కాదు. పైగా నెట్‌లో కాపీ కొట్టిన రెండు పేజీల కన్నా, తడబడుతూ చెప్పిన నాలుగు నిమిషాల్లో పిల్లవాడికి ఎంత వచ్చిందో మనకు బాగా తెలుస్తుంది.

మిడ్ పేపర్ గంటసేపు ఉంటే, మామూలు విద్యార్థి ముప్పావు గంటలో ముగించగలిగేలా పేపర్ వేయండి. మనం కొలిచేది ఎకనామిక్స్, చేతి వేగం కాదు. ప్రశ్నల్లో రెండు మూడు అడగాల్సినవి ఒకే వాక్యంలో ఇరికించకుండా విడివిడి లైన్లలో పెట్టండి.

స్క్రైబ్ (విద్యార్థి చెబుతుంటే పరీక్ష రాసిపెట్టే మనిషి) నిబంధనలు తెలుసుకుని ఉంచుకోండి, పరీక్ష రోజు పొద్దున తగువు లేకుండా. స్క్రైబ్ వాడేవాళ్లకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. అంటే మూడు గంటల పరీక్షకు గంట ఎక్కువ. వైకల్యం 40 శాతానికి తక్కువైతే స్క్రైబ్ కుదరదు అనే మాట ఇప్పటికీ కాలేజీల్లో వినిపిస్తుంది. రాసేటప్పుడు చేయి పట్టేసే ఒక అభ్యర్థి కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. ఆ తర్వాత 2022 ఆగస్టులో 40 శాతం లోపు వాళ్ల కోసం విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. దానికి డాక్టర్ సర్టిఫికెట్ కావాలి, అది తెచ్చుకోవడానికి సమయం పడుతుంది. కాబట్టి ఈ సంగతి సెమిస్టర్ మొదట్లోనే మొత్తం క్లాసుకు చెప్పండి. ఎవరికి కావాలో వాళ్లు వింటారు.

తొమ్మిదో అడుగు: యూనిట్ అయ్యాక

మళ్లీ ఒక చీటీ. రెండే ప్రశ్నలు: ఏది పనికొచ్చింది? ఇంకా ఎక్కడ ఆగిపోతున్నారు? జవాబులు చూసి ఒకటి రెండు తీసేయండి, ఒకటి చేర్చండి. చేసినవన్నీ కొనసాగించాలని లేదు. పదాల పట్టిక అందరూ వాడి, చార్ట్ ఎవరూ తీసుకోకపోతే చార్ట్ ఆపేయండి. తర్వాతి సెమిస్టర్‌కు రెండో యూనిట్ పట్టుకోండి.

పని భారం సంగతి కూడా దాచడం ఎందుకు. మొదటి యూనిట్‌కు రెండు ఆదివారాలు పోతాయి. టైపింగ్, ఓసీఆర్ (బొమ్మ నుంచి అక్షరాలుగా మార్చినది) దిద్దడం ఒక్కరే చేయకుండా, అదే పేపర్ చెప్పే పక్క కాలేజీ లెక్చరర్‌తో యూనిట్లు పంచుకోండి. కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ ఫైళ్లలో దీనికి చోటు దొరుకుతుంది. కాలేజీలో నాణ్యత వ్యవహారాలు చూసే ఐక్యూఏసీ వాళ్లకు ముందే చెప్పి ఉంచితే, చేసిన పనికి కాగితం కూడా ఉంటుంది.

ఫైళ్లన్నీ మీ సొంత జీమెయిల్‌లో కాకుండా డిపార్ట్‌మెంట్ పేరుతో తెరిచిన డ్రైవ్‌లో పెట్టండి. యూనిట్ పేరుతో ఫోల్డర్, అందులో నోట్సు, పదాల పట్టిక, వాయిస్ నోట్లు, కొలబద్ద. జూన్‌లో మీకు బదిలీ వచ్చి, ఆ పేపర్ కొత్త గెస్ట్ ఫ్యాకల్టీ చేతికి వెళ్లినా పాస్‌వర్డ్ ఇన్‌ఛార్జి దగ్గర ఉంటుంది. దారం అంటించిన అట్టముక్క బీరువాలో రెండో అరలో ఉందని కూడా అందులో ఒక లైన్ రాసి పెట్టండి.